సానరాయి, కరెంటు సాన, మా అమ్మ కత్తిపీట

ప్రత్యేక సంచికకు మన వర్క్‌షాపు రోజుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. సమ్మెల గురించి, ప్రమోషన్ల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. లాలాగూడ టూల్ రూములో ముప్పై తొమ్మిదేళ్ళు పనిముట్లకు పదును పెట్టినవాణ్ణి గనుక నేను సాన సంగతే రాస్తాను.

ఈ విద్య మనవారికి కొత్తది కాదు. ఇంగ్లీషువారు కోరండం అనే మాట మన దక్షిణాది కురువిందం నుండి పోయినదే. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే పట్టికలో వజ్రం 10 అయితే కురువిందం 9. మన ఖమ్మం జిల్లాలోనూ దొరుకుతుంది. పూర్వం దాన్ని పొడిగొట్టి, కరిగించిన లక్కలో కలిపి సానచక్రం చేసేవారు. ఒకరు ఇరుసుకు చుట్టిన పట్టీని ముందుకూ వెనక్కూ లాగుతుంటే మరొకరు చక్రానికి కత్తి ఆనించేవారు. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక తొందరపడితే చక్రమే పాడవుతుంది. అంటే నిదానంగా పని చేయడం ఆ పనిముట్టులోనే ఉందన్నమాట. ఇది నా ఊహే గాని, టూల్ రూములో పనిచేసినవారు ఒప్పుకుంటారనుకుంటాను.

ఇక ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కుముద్దల కోసం పారశీక దేశపు వర్తకులు అంత దూరం నుండి వచ్చి కూర్చునేవారు. సర్వేశాఖలో వైద్యుడుగా ఉన్న హెన్రీ వాయ్సీ ఆ పని కళ్ళారా చూసి రాసిన వివరణ, ఆయన పోయిన తర్వాత 1832లో అచ్చయింది. అంతకుముందే, 1819లో, లండనులో ఫారడే మన ఉక్కును పరీక్షించాడు. వారు వూట్జ్ అని పిలిచినది మన ఉక్కునే. దానిలో బొగ్గుపాలు ఒకటిన్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. అందుకే అంత పదును నిలిచేది.

మన లాలాగూడ వర్క్‌షాపు 1893లో మొదలైంది. చిత్రమేమంటే, ఇసుకనూ కోకునూ కరెంటు కొలిమిలో కాల్చి చేసిన కార్బొరండానికి అమెరికాలో అచిసన్ పేటెంటు పొందినది కూడా ఆ ఏడే. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ వచ్చింది. నేను 1965లో చేరేనాటికి మనది ఇంకా సెంట్రల్ రైల్వే. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. బోర్డులు మారాయి గాని మా గ్రైండర్ల ముందు నీళ్ళడబ్బా మాత్రం కదల్లేదు. ఉలి రెండు క్షణాలు చక్రానికి ఆనించాలి, నీళ్ళలో ముంచాలి. మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ పాఠం ఇంటి దగ్గర మరిచాను.

మా అమ్మకు పుట్టింటివారిచ్చిన కత్తిపీట ఒకటి ఉండేది. నిజామాబాద్ వైపు కమ్మరి చేసినది. ఊరగాయ జాడీ బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచుమీద నాలుగుసార్లు రాసి అమ్మ దానికి పదును తెచ్చుకునేది. వీధిలోకి సైకిలు సాన వచ్చేది. స్టాండు వేసి పెడలు తొక్కుతూ చాకులకూ కత్తెరలకూ సాన పట్టేవాడు. కత్తిపీట మాత్రం అమ్మ వాడి చేతికిచ్చేది కాదు. 1971లో, టూల్ రూము మనిషినన్న గర్వంతో, ఒక స్నేహితుడి షెడ్డులో కరెంటు గ్రైండరుకు దాన్ని పెట్టాను. నీళ్ళు లేవు. అర నిమిషంలో అంచంతా నీలం తిరిగింది.

తెలియనివారి కోసం చెబుతాను. అలాంటి ఉక్కు వేడికి ముందు గడ్డిరంగుకు, తర్వాత నీలానికి మారుతుంది. నీలమంటే సుమారు 300 డిగ్రీలు. ఆ వేడికి కమ్మరి పెట్టిన పదను దిగిపోతుంది. ఎంత నూరినా పదును నిలవదు.

"మంచిగ మెరుస్తుంది బిడ్డా" అన్నది అమ్మ. మరొక్క మాట అనలేదు. అంతకుముందు పదిహేను రోజులకొకసారి జాడీ బోర్లించేది, ఆ తర్వాత రెండురోజులకొకసారి.

రెండువైపుల రాయి ఒకటి కొన్నాను, ఒకవైపు గరుకు, ఒకవైపు నున్న. ప్రతి ఆదివారం రాయి తడిపి, అంచును ఒకే వాలులో ఉంచి, అవతలివైపు సన్నటి పొర వేలికి తగిలేదాకా నూరి, తిప్పి ఆ పొర పోయేదాకా నూరేవాణ్ణి. నీలం పట్టిన ఉక్కు అలా అరిగి అరిగి పోవడానికి ఏళ్ళు పట్టింది. లోపలి గట్టి ఉక్కు బయటపడి పదును మళ్ళీ నిలవడం మొదలయ్యేనాటికి అమ్మ వంటగదిలోకి రావడం మానేసింది.

మా కోడలి దగ్గర ప్లగ్గులో పెట్టే సాన ఉంది. గాడిలో చాకు రెండుసార్లు లాగితే చాలు. లోహం కాస్త ఎక్కువే తింటుంది గాని, బజారులో కొన్న స్టీలు చాకులకు అది చాలు. నేను కాదనను. కత్తిపీట మాత్రం ఆదివారాలు నా దగ్గరకే వస్తుంది. వెడల్పు సగానికి సగం తగ్గిపోయింది.