విదేశాల్లో వివాహ ధ్రువపత్రం: చెల్లుబాటు చరిత్ర

విషయ పరిచయం

తెలుగునాట చాలాకాలం పెళ్లికి ఊరే సాక్ష్యం. పెద్దలు, బంధువుల ఎదుట జరిగిన వివాహానికి కాగితంతో పని ఉండేది కాదు. సముద్రం దాటి వెళ్లినచోట ఆ సాక్షులు ఉండరు. అక్కడ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి: ఆ వివాహం అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుందా? చూపిన పత్రం నిజమైనదేనా? ఈ రెంటికీ సమాధానాలు వేర్వేరు కాలాల్లో రూపొందాయి.

దక్షిణాఫ్రికా అనుభవం

మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు జిల్లాల వారు కూడా ఎందరో నేటాల్ తోటలకు వెళ్లారు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక ముస్లిం మహిళ ప్రవేశానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పారు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహం అక్కడ చెల్లదన్నది దాని సారాంశం. దీంతో హిందూ, ముస్లిం భార్యల హోదా, వారి పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమయ్యాయి. ఆ ఏడాది సత్యాగ్రహంలో కస్తూర్బాతో సహా మహిళలు జైలుకు వెళ్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1914 నాటి భారతీయుల ఉపశమన చట్టం ఏకపత్నీ వివాహాలను గుర్తించి, వాటి నమోదుకు వీలు కల్పించింది.

హేగ్ ఒప్పందం

రెండో ప్రశ్నకు సమాధానం 1961 అక్టోబరు 5న కుదిరిన హేగ్ ఒప్పందం. అంతకుముందు ఒక పత్రం అనేక కార్యాలయాల ముద్రలు పొంది, చివరకు ఆయా దేశాల ఎంబసీకి చేరేది. ఈ వరుసకు బదులు 'అపోస్టిల్' అనే ఒకే ధ్రువీకరణ వచ్చింది. భారతదేశంలో ఇది 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రాన్ని ముందుగా రాష్ట్ర ప్రభుత్వ అధీకృత శాఖ ధ్రువీకరిస్తుంది. తర్వాత విదేశాంగ మంత్రిత్వశాఖ అపోస్టిల్ జారీ చేస్తుంది. ఒప్పందంలో లేని దేశాలకు నేటికీ ఎంబసీ ధ్రువీకరణే మార్గం.

వివాహ నమోదు

నమోదు కాని పెళ్లికి ధ్రువపత్రమే ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు సీమ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఇదే చేయమని ఆదేశించింది.

సారాంశం

అపోస్టిల్ పత్రంపై ఉన్న సంతకం, సంతకందారు హోదా, ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతుంది. వివాహం చెల్లుతుందో లేదో చెప్పదు. 1913 నాటి ప్రశ్నకు నేటికీ ఆయా దేశాల చట్టాలే జవాబు చెప్పాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

వివాహ గుర్తింపునకు, పత్ర ధ్రువీకరణకు గల భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.