ఇర్రం మంజిల్ కేసు

హైదరాబాద్‌లో కొత్త శాసనసభ భవనం కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న ప్రతిపాదనపై 2019లో సాగిన న్యాయవివాదం. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ సుమారు 1870లో ఖైరతాబాద్ సమీపాన గుట్టపై కట్టించిన ఈ ప్యాలెస్ ఐరోపా బరోక్ శైలి అలంకరణకు పేరుపొందింది. తరవాత ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైంది.

నగర జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన వివాదానికి కీలకం. దాని ప్రకారం, ఇర్రం మంజిల్‌లా జాబితాకెక్కిన వారసత్వ కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా నగరాభివృద్ధి సంస్థ ముందస్తు అనుమతి ఉండాల్సిందే. ఆ సంస్థ వారసత్వ పరిరక్షణ కమిటీని సంప్రదించాల్సి ఉండేది. కూల్చాక తిరిగి కట్టలేం కనుక, ‘ముందస్తు’ అన్న షరతే ఈ ఏర్పాటుకు ప్రాణం.

ఆ అనుమతి లేకుండానే జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం కూల్చివేత ప్రతిపాదనను ఆమోదించింది. 27న కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. పౌరులు, వారసత్వ ప్రేమికులు హైకోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 16న తెలంగాణ హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.