బ్రేకు పడకపోతే ఏం చేస్తావమ్మా?

ఈమధ్య మా ఇంట్లో నాలుగో తరం పిల్ల ఒకామె కారు లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు భోజనాల దగ్గర అందరం సంతోషంగా ఉంటే చిన్నాయన ఒక్క ప్రశ్న వేశాడు. "దిగుడులో బ్రేకు తొక్కావు. పెడలు నేలకు ఆనింది, బండి ఆగలేదు. అప్పుడేం చేస్తావమ్మా?"

పిల్ల కాసేపు ఆలోచించి "హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగేస్తా" అంది. "లాగేస్తే వెనక చక్రాలు పట్టేస్తాయి, బండి అడ్డం తిరుగుతుంది" అన్నాడాయన. "మీ స్కూల్లో చెప్పలేదా?" అంటే, లేదంది. ఎనిమిది వేయడం చెప్పారట, రివర్సు చెప్పారట, ఇది మాత్రం లేదట. ఆ రాత్రి మా ఇంటి డ్రైవర్ల కథలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. ఆ కథలతోపాటు, ఈ విద్య ఎక్కడ పుట్టి ఎక్కడ జారిపోయిందో మాకు తెలిసినంతలో రాస్తున్నాం.

మా తాత 1950ల మధ్యలో హిందూపురం నుంచి లారీ క్లీనరుగా వచ్చాడు. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా యలహంకకు, అక్కడి నుంచి బెంగళూరు మండీకి సరుకు తోలే లారీ అది. అప్పట్లో డ్రైవింగ్ స్కూలు అంటే క్లీనర్ సీటే. తాతకు స్టీరింగు చేతికివ్వడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆయన నేర్చుకున్నది బండి నడపడం కాదు, బండి ఎన్ని రకాలుగా మోసం చేస్తుందో నేర్చుకున్నాడు. బండి ఆగినప్పుడల్లా దిగి టైర్లను ఇనప కడ్డీతో కొట్టి చప్పుడు వినాలి. వెనక జంట టైర్లలో ఒకటి గాలిపోయినా రెండోది మోస్తుంది కాబట్టి కంటికి తెలీదు, చెవికే తెలుస్తుంది. ఎక్కుడులో బండి ఆగిపోతే డ్రైవరు కేక వేసేలోపే దూకి చక్రం వెనక కొయ్యదిమ్మె పెట్టాలి. హ్యాండిల్ తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి. చుట్టూ పట్టుకున్నావంటే, ఇంజన్ ఎదురు తన్నిన రోజు మణికట్టు విరుగుతుంది.

ప్రపంచమంతటా మోటారు తొలిరోజులు ఇలాంటివే. డ్రైవరును షోఫర్ అంటారు కదా, ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం బాయిలరుకు మంట వేసేవాడని. తోలేవాడూ బాగుచేసేవాడూ ఒకడే. ఆ ఇద్దరినీ విడదీసింది పెద్ద బస్సు సంస్థలని మా అభిప్రాయం. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే వాళ్ళ కిందే 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. మైసూరులో 1948 సెప్టెంబరు 12న 120 బస్సులతో ప్రభుత్వ రవాణా శాఖ పుట్టింది. డిపో వచ్చింది, డిపోతోపాటు మెకానిక్కులు వచ్చారు. డ్రైవరు సాయంత్రం బండిలోని లోపం రాసిచ్చి ఇంటికి పోతాడు, రాత్రికి రాత్రి ఇంకొకరు బాగుచేస్తారు. ప్రయాణికులకు ఇది మేలే, కాదనం. ఇటు బండ్లు కూడా ఏటేటా నమ్మకమైనవిగా మారాయి. పదేళ్ళకొకసారి వచ్చే ఆపదకు నాలుగేళ్ళ శిష్యరికం ఎవరు చేస్తారు?

మా నాయన ఆ పాత విద్యను తాత దగ్గరే పట్టుకున్నాడు. 1970లలో ఆయన టాక్సీ తోలేవాడు. ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైతే బండి దానంతటదే ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట కూర్చుంటే మళ్ళీ కదిలేది. అందుకే మా ఇంట్లో పాత తువ్వాళ్ళు పారేసేవాళ్ళు కాదు. అసలు పరీక్ష మాత్రం నందికొండ మీద వచ్చింది. ఐదుగురు మనుషులతో కిందికి వస్తుంటే సగం దారిలో బ్రేకు పెడలు మెత్తబడింది. వరసగా మలుపుల్లో బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. ఆ వేడికి బ్రేకు ఆయిలు పొంగి గొట్టాల్లో ఆవిరి చేరిందంటే పెడలు గాలిని నొక్కుతుందే తప్ప చక్రాన్ని పట్టదు. నాయన పెడలును గబగబా నాలుగైదుసార్లు పంపు చేశాడు, కొంచెం పట్టు దొరికింది. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దించాడు. హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ వదులుతూ, బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు మట్టిలోకి ఒరిపించి ఆపాడు. వెనక కూర్చున్నవాళ్ళకు బండి ఆగాక గానీ సంగతి తెలీలేదట. ఇంటికొచ్చాక తాత మెచ్చుకోలేదు, తిట్టాడు. "ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాలని చెప్పినా కదరా!"

తాత నోటితో చెప్పిన ఈ విద్యను చట్టం కాగితం మీద పెట్టిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. అందులో 31వ నిబంధన డ్రైవింగ్ స్కూళ్ళ పాఠ్యప్రణాళిక. చదివితే మా తాతే దగ్గర కూర్చుని రాయించాడా అనిపిస్తుంది. ముందు టైరు పేలితే, వెనక టైరు పేలితే, బ్రేకు ఫెయిలైతే, స్టీరింగు వణికితే, స్టీరింగు లింకేజీ తెగితే, యాక్సిలరేటరు పెడలు ఇరుక్కుంటే, క్లచ్ రాడ్ విరిగితే ఏం చేయాలో అన్నీ నేర్పమంది. నేర్పేవాడికి మోటారు మెకానిజంలో సర్టిఫికెట్ ఉండాలంది. స్కూల్లో ఇంజను, గేరుబాక్సు, బ్రేకు డ్రమ్ములు, జాకీ, పంక్చరు సామాను పెట్టమంది. కారుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు స్టీరింగు మీద.

రాసినవాళ్ళను తప్పుపట్టలేం. చిక్కంతా పరీక్ష దగ్గర వస్తుంది. రివర్సు సరిగ్గా వచ్చిందో లేదో ఇన్‌స్పెక్టరు కళ్ళతో చూడగలడు. టైరు పేల్చి చూడలేడు కదా. పరీక్షలో రానిది స్కూల్లో మెల్లగా తగ్గిపోతుంది. ఏ చదువుకైనా ఇదే గతి.

యలహంకలో ఉండేవాళ్ళకు ఈ తేడా తల ఎత్తితే కనిపిస్తుంది. 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరిగే మా ఊరి వైమానిక స్థావరంలోనే రవాణా విమానాల పైలట్లకు శిక్షణ ఇస్తారు. రెండు ఇంజన్ల విమానం నడిపేవాడు ఒక ఇంజను ఆగిపోతే ఏం చేయాలో చేతులకు అలవాటయ్యేదాకా సాధన చేయాల్సిందే, పైగా ఆ సాధన ఒక్కసారితో అయిపోదు. కింద హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంతో పోయే మనం మాత్రం ఒక్కసారి కూడా చేయం. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు సిమ్యులేటర్లు ఉండాలన్నాయి. కారు కోర్సు 29 గంటలు, భారీ వాహనాలకు 38. టైరు పేలడాన్ని నిజంగా పేల్చకుండా చూపించగలిగేది ఆ యంత్రమే కాబట్టి, దాని మీద మాకు కొంచెం ఆశ ఉంది.

ఇంకో మాట ఒప్పుకోవాలి. తాత చెప్పిందంతా ఇప్పుడు పనికిరాదు. యాక్సిలరేటరు ఇరుక్కుంటే తాళం తిప్పెయ్ అనేవాడాయన. ఈనాటి కారులో అలా చేస్తే ప్రమాదం. ఇంజన్ ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే అయిపోతుంది, తర్వాత పెడలు రాయిలా ఉంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. తాళం పూర్తిగా బయటికి లాగితే స్టీరింగు లాకే పడిపోవచ్చు. ముందు క్లచ్ తొక్కాలి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో వేయాలి, ఇంజన్ అరిస్తే అరవనీ అని బ్రేకు మీద నిలబడాలి. తాళం సంగతి బండి ఆగాకే. హ్యాండ్‌బ్రేకు లివరు బదులు బొత్తాం ఉన్న కార్లలో దాన్ని పట్టుకునే ఉంచితే బండి ఎలా ఆగుతుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మా ఇంట్లో మూడు కార్లుంటే ఆ పేజీ చదివినవాళ్ళు ఒక్కరూ లేరని ఆ రాత్రే తేలింది.

అందుకే పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి దొడ్డబళ్ళాపురం వైపు ఇంకా ఇళ్ళు లేవని ఒక లేఅవుట్‌కు పోయాం. నలభై దాటకుండా తోలమన్నాడు చిన్నాయన. పక్క సీట్లో కూర్చుని ఊరి సంగతులేవో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి "బ్రేకు పోయింది!" అని అరిచాడు. మొదటిసారి పిల్ల కాలు బ్రేకు మీదికే పోయింది. ఆరోసారికి కాలు కదలకుండా చెయ్యి గేరు మీదికి పోయింది. హ్యాండ్‌బ్రేకు కూడా ఒక్కసారిగా లాగకుండా మెల్లగా లాగింది.

వచ్చే ఆదివారం మా అక్కయ్య వంతు. ఆమెకు లైసెన్సు వచ్చి పదకొండేళ్ళైంది.