తీపి మద్యము నుండి అనాసరసము వఱకు

మాంసమును నిప్పులపై కాల్చుటకు ముందు పెరుగులోనో నిమ్మరసములోనో నానవేయుట మనవారెఱిగిన పద్ధతియే. తీయని పానీయములో నానవేయుదురన్నచో మాత్రము కొందఱు నొసలు చిట్లింతురు. కాని పసిఫిక్ మహాసముద్రమున ఈ ఆచారమునకు పెద్ద చరిత్రయే కలదు.

జపానులో 'మిరిన్' అను పానీయమున్నది. ఉడికించిన జిగురుబియ్యమును, బూజు పట్టించిన బియ్యమును, షోచు అను ఘాటైన మద్యములో కలిపి 40 మొదలు 60 దినముల వఱకు నిలువయుంతురు. బూజు పిండిని చక్కెరగా మార్చును. మద్యపు ఘాటుచే ఆ చక్కెర పులిసిపోక నిలుచును. నేడది వంటసామగ్రి గాని, తొలుత త్రాగుటకే పుట్టినది. ఘాటు సహింపనివారికి అది ప్రియపానీయము. నూతన సంవత్సరమునాడు మూలికలు నానిన మిరిన్ సేవించువారు ఇప్పటికిని కలరు.

ఎడో యుగపు (1603–1868) ఉత్తరార్ధమున అది సోయారసముతో జతగూడి, నిప్పులపై కాల్చు పాముచేపకు పూతయయ్యెను. చేపకే ఏల? 675లో టెమ్ము చక్రవర్తి ఏటా కొన్ని నెలలపాటు ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి మాంసములను నిషేధించెను. అటుపిమ్మట శతాబ్దముల తరబడి బౌద్ధప్రభావమున పశుమాంసముపై విముఖత నిలిచెను. 1872లో మెయిజీ చక్రవర్తి గోమాంసము భుజించెనను వార్త వెలువడిన పిదప గాని ఆ కట్టు సడలలేదు.

ఇక హవాయి కథ. 1885 మొదలు 1894 వఱకు ప్రభుత్వముల ఒప్పందముపై సుమారు 29,000 మంది జపానీయులు అచటి చెఱకుతోటలకు కూలికి పోయిరి. మారిషస్, ఫిజీ తోటలకు తరలిన మన తెలుగు కూలీలవలెనే వారును పుట్టినయూరి రుచికై తపించియుందురు. చెఱకుతోటలో చక్కెరకు కొఱతయా? మిరిన్ మాత్రము సముద్రము దాటి రావలెను. 1901లో జేమ్స్ డోల్ ఒవాహు ద్వీపమున అనాసపండ్ల సంస్థ నెలకొల్పిన తరువాత, డబ్బాలకెక్కిన ఆ పంట హవాయి వంటింట సామాన్యవస్తువయ్యెను. సోయారసము, బెల్లపుచాయ చక్కెర, అల్లము, వానితో అనాసరసము చేరి క్రొత్త 'టెరియాకి' వెలసెను. జపానులో కాల్చుచు పైపైన పూసెడి పాకము, ఇచట ముందుగా మాంసమును నానవేయు రసముగా మారినది. నా దృష్టిలో ఈ మార్పే అసలైనది. మిగిలినదంతయు సరకుల మార్పిడి.

అనాసరసము మాంసమును మెత్తబఱచునన్న మాటలో సగమే నిజము. పచ్చిరసములోని 'బ్రొమిలైన్' మాంసకృత్తులను త్రెంచును. హైదరాబాదు 'పత్తర్ కా గోష్త్'లో పచ్చిబొప్పాయి చేయు పనియు నట్టిదే. ఎక్కువసేపు నానిన మాంసము ముద్దయగును. డబ్బాలోని రసమో, కాచి నింపినది. వేడికి ఆ గుణము నశించును. దాని వలన రుచియు, నిప్పుపై ఎఱ్ఱని మెఱుగును మాత్రమే కలుగును.

1955లో ఎర్నెస్ట్ మొర్గాడో అను కోళ్లవ్యాపారి ఈ టెరియాకి పద్ధతినే కోడికి పట్టించి రైతుల కూటమిలో వడ్డింపగా, అది 'హులీ హులీ కోడి' అను పేర ప్రసిద్ధికెక్కెను. హవాయి భాషలో 'హులీ' యనగా త్రిప్పుట. తీపి పట్టిన మాంసము నిప్పుపై ఇట్టే మాడును. కావున రెండు కమ్మీపలకల నడుమ బిగించి మాటిమాటికి త్రిప్పుచుండవలెను.