ఫారం పంపితే ఖాళీగా తిరిగొస్తోందా? సైటులో పీహెచ్‌పీ సెట్టింగులు ఇలా మార్చాలి



అడ్మిషన్ ఫారం నింపి, టీసీ ఫోటో జతచేసి సబ్మిట్ నొక్కుతారు. పేజీ తిరిగొస్తుంది, నింపినదేదీ ఉండదు. చివరి తేదీ దగ్గరపడినప్పుడు ఇలా అయితే కంగారే. చాలాసార్లు తప్పు మీ ఫోనుది కాదు, సర్వర్‌లోని హద్దుది.

సైటు ఉండే కంప్యూటరే సర్వర్. అక్కడ మీ ఫారాన్ని అందుకునే పని చాలా సైట్లలో పీహెచ్‌పీ చేస్తుంది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన భాష ఇది. దానికి ముందుగానే పెట్టిన హద్దులు కొన్ని ఉంటాయి. (తెరమీద ఈ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి.)

1. అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్: ఒక్కో ఫైలుకు 2 ఎంబీ. ఫోనుతో తీసిన ఫోటో దీన్ని సులభంగా దాటుతుంది.

2. పోస్ట్ మ్యాక్స్ సైజ్: ఫారం మొత్తానికి 8 ఎంబీ. ఇది దాటితే రాసిన వివరాలు కూడా పోతాయి. ఒక్కోటి 5 ఎంబీ చొప్పున నాలుగు ఫైళ్లు కావాలంటే దీన్ని 24 ఎంబీ చేయండి.

3. మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్: 1000 గడులు. 60 మంది పిల్లలు, 6 సబ్జెక్టులు, 3 పరీక్షలు అంటే 1080 గడులు. చివరి నలుగురైదుగురి మార్కులు నమోదు కావు.

4. డేట్ టైమ్‌జోన్: ఏమీ పెట్టకపోతే యూటీసీ. మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనుక. తెల్లవారుజామున 3 గంటలకు పంపిన ఫారంమీద నిన్నటి తేదీ పడుతుంది. ఏషియా/కోల్‌కతా అని పెట్టాలి.

మార్చే పద్ధతి: సీప్యానెల్‌లో లాగిన్ అయి, సాఫ్ట్‌వేర్ విభాగంలో మల్టీపీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఎడిటర్ తెరవండి. బేసిక్ మోడ్‌లో మీ డొమైన్ ఎంచుకోండి. పాత విలువ నోటుబుక్కులో రాసుకున్నాకే కొత్తది వేసి అప్లై నొక్కండి. టైమ్‌జోన్ వరుస మాత్రం ఎడిటర్ మోడ్‌లో చేర్చాలి. కొన్ని హోస్టింగుల్లో దీనికి బదులు సెలెక్ట్ పీహెచ్‌పీ వెర్షన్ ఉంటుంది, అందులో ఆప్షన్స్ చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫారం పంపి చూడండి.

డిస్‌ప్లే ఎర్రర్స్ ఆఫ్‌లోనే ఉండాలి. లేకపోతే సర్వర్ లోపలి వివరాలు బయటివాళ్లకు కనబడతాయి. హద్దులు అవసరానికి మించి పెంచితే సైటు నెమ్మదించవచ్చు.

పావగడ పిల్లలకు ఒక మాట. మన ఇళ్లలో తెలుగు, ఆఫీసు కాగితాల్లో కన్నడం. యూటీఎఫ్-8లో ఈ రెండు లిపుల్లోనూ ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. "రాముడు" అనే పేరులో గుర్తులు 6, బైట్లు 18. బైట్లు లెక్కపెట్టే ప్రోగ్రాం పేరును సగంలో కోసేస్తుంది. అందుకే ఎక్స్‌టెన్షన్లలో ఎంబీస్ట్రింగ్ ఆన్ చేసి, ప్రోగ్రాంలోనూ దాన్నే వాడాలి. సర్టిఫికెట్టుమీద పేరు తప్పుపడితే దిద్దించడానికి ఎన్నిసార్లు తిరగాలో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి.

తల్లిదండ్రులు సెట్టింగుల జోలికి పోనక్కరలేదు. ఫోటో సైజు తగ్గించి మళ్లీ పంపండి. అప్పటికీ పోకపోతే చివరి రోజు దాకా ఆగకుండా కాగితాలు తీసుకొని బడి ఆఫీసుకు రండి.