జాగిలం, సలూకీ, ఊరకుక్క

సులైబియాలో నేను పనిచేసిన మజరాలో గొర్రెల కాపలాకి నాలుగు కుక్కలుండేవి. ముసలి బాబా వాటిని గడప తొక్కనిచ్చేవాడు కాదు. అదే మనిషి సలూకీ మాటెత్తితే చాలు, మొహం వెలిగిపోయేది. బెదూయిన్లు ఆ వేటకుక్కని గుడారంలోకి రానిచ్చేవారు. నేర్పిన వేటకుక్క పట్టి తెచ్చినది తినొచ్చని ఖురాన్‌లోనే ఉంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? దొరగారిదైతే జాగిలం, వీధిలోదైతే ఊరకుక్క. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కేనని పురాణం విని, ఇంటికొస్తూ దారిలో దాని మీద రాయి విసిరేవాళ్ళం.

చట్టం కథ ఇంకా చిత్రం. మద్రాసు కార్పొరేషన్ 1860 నుంచి వీధికుక్కల్ని పట్టి చంపుతూ వచ్చింది. నూరేళ్ళు దాటినా కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధివి వచ్చి చేరేవి. చంపకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్ చేసి వదిలేద్దామని బ్లూక్రాస్ 1964లోనే అంది. కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996. ఈలోగా 1992లో అమల హైదరాబాదులో బ్లూక్రాస్ పెట్టారు. 2001లో ఆ పద్ధతే దేశమంతటికీ నిబంధనయింది.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ తండ్రికి నిబంధనలు చదివి వినిపించగలమా? 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న, కరిచేవాటినీ రేబిస్ ఉన్నవాటినీ తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలమంది. నవంబరులో బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లలోంచి తీసేయమంది.

నన్నడిగితే లోపం నిబంధనలో లేదు, సగంలో ఆపేసిన పనిలో ఉంది. నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితేనే రేబిస్ ఆగుతుంది.