కొట్టు మూశాక

ప్రతి ఏడూ సారా వ్యతిరేకోద్యమం పాఠం వచ్చేసరికి క్లాసులో నా గొంతు తడబడేది. పిల్లలు అది ఉద్వేగమనుకునేవాళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలోని సీతమ్మ కథ చదవడం, 1992లో ఊళ్ళో సారా కొట్టు మూయించడం, వర్ధినేని రోశమ్మ పేరు, వేలంపాటల్ని అడ్డుకోవడం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. ఇవన్నీ చెప్పి, ఇంటికొచ్చి, బీరువాలో చీరల వెనక దాచిన సీసా తీసేదాన్ని.

మనం రాసుకున్న చరిత్రలో తాగేవాడు మొగుడు. తన్నులు తినేదీ, చీపురు పట్టుకు తిరగబడేదీ భార్య. తాగే ఆడదానికి అందులో చోటేదీ? తెలంగాణ పల్లెల్లో పొలం పని దిగి వచ్చిన ఆడవాళ్ళు కల్లు తాగడం కొత్త కాదు, అమ్మవారికి సాక పోసేదీ కల్లే. మరి ఉద్యోగం చేసే మధ్యతరగతి స్త్రీ తాగితే? అది వ్యాధి కూడా కాదు, పరువు తక్కువ. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఆరేళ్ళు పట్టింది అందుకే.

మానేసి తొమ్మిదేళ్ళయింది. మానేశాక అదే పాఠం నాకు వేరుగా కనిపించింది. ఇంతకాలం నేను కొట్టు మూసిన రోజు గురించే చెప్పాను. మర్నాడు సాయంత్రం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక ఊళ్ళో మూస్తే పక్క ఊళ్ళో దొరుకుతుంది. కోరిక ఎంత దూరమైనా నడుస్తుందని ఆ ఆడవాళ్ళకు తెలుసు. కొట్టుతో ఆగకుండా వేలంపాట దాకా వెళ్ళారంటే దాని అర్థం ఇదేనేమో. వాళ్ళ పోరాటాన్ని ‘నైతిక ఆగ్రహం’ అని రాసే మేధావులు ఈ లెక్క చూడలేదు. (నేనూ అలాగే రాశాను, ఒకసారి కాదు.)

ప్రభుత్వం మాత్రం మర్నాటి సంగతి పట్టించుకోలేదు. 1997లో ఆదాయం పేరు చెప్పి నిషేధం ఎత్తేసింది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఇంకోటి బయటపడింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిసిన కల్లుకు అలవాటుపడ్డవాళ్ళు, అది ఒక్కసారిగా ఆగేసరికి ఫిట్సుతో, వణుకుతో, పిచ్చిచూపులతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు వచ్చారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ వార్త చదివి పేపరు పక్కన పెట్టేశాను. నేను మానిన మొదటి వారం నా చేతులు గ్లాసు పట్టుకోలేకపోయిన సంగతి గుర్తొచ్చింది. నాకు మంచం పక్కన డాక్టరున్నాడు, మందులున్నాయి, జీతంతో సెలవుంది. కూలికి పోయే మనిషికి ఏముంది?

కోరిక పోయిందా అని అడుగుతారు. పోలేదు. పెళ్ళిళ్ళలో మేడ మీద మగవాళ్ళు చేరిన గది నుంచి వచ్చే వాసన నాకు అందరికన్నా ముందు తెలుస్తుంది. కాలేజీకి చుట్టుదారిన వెళ్తాను, పది నిమిషాలు ఎక్కువ. బీరువాలో చీరల వెనక ఇప్పుడు ఏమీ పెట్టను, న్యాఫ్తలిన్ ఉండలు కూడా.

జీతం వచ్చిన రోజు సాయంత్రాలు కష్టం. అప్పుడు మా వదినకు ఫోను చేస్తాను. ఆమెకు అంతా తెలుసు. ఏమీ అడగదు. “ఏం కూర వండావమ్మా?” అంటుంది. వండకపోతే ఆ ఫోను పెట్టేలోగా వంకాయలు తరగడం మొదలుపెడతాను.